మధ్యాహ్నం దాటాక హేమావతి

చేతిలో మగ్గం నాడె రెండుగా కనిపించడం మొదలయ్యేసరికి గడప మీది ఎండ అప్పుడే వెనక్కి జరుగుతోంది. హేమావతి ఒక కన్ను మూసింది. రెండు నాడెల్లో ఒకటి మాయమైంది. మిగిలిన దాన్ని పోగుల మధ్యకు తోసింది.

అంచు వేరే రంగు పోగుతో కలిపి నేసే కుట్టంచు చీర ఒక్కరితో అయ్యే పని కాదు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని గంగాధర చీర ఒంటికి నాడె వేస్తుంటే, అతని కుడిపక్కన బల్ల చివర ఇంకొకరు కూర్చుని అంచుకు నాడె వేయాలి. ఒకరి చేయి ఆగిన చోట ఇంకొకరి చేయి మొదలవ్వాలి. పొద్దున్నుంచి మొగుడూపెళ్లాల పని అలాగే సాగింది. ఆకుపచ్చ ఒంటికి మెరూన్ అంచు జానెడు పైగా పెరిగింది. ఇప్పుడు గంగాధర పోగు బిగించే పలక లాగబోయి ఆగుతున్నాడు. ఆమె చేయి ఇంకా దారిలోనే ఉంటోంది.

"పోగు తప్పింది," అన్నాడు. కోపంగా కాదు. కోపం లేకపోవడమే ఆమెకు కష్టంగా ఉంది.

గడప దగ్గర రాట్నం మీద కండెలు చుడుతున్న అత్త సరోజమ్మ తల ఎత్తలేదు. ఆమె తల ఎత్తకుండానే అన్నీ చూస్తుంది.

"పొద్దున గుర్రం మాదిరి ఉంటాది. మజ్జానం దాటితే చాలు, రెప్పలు వాలేస్తాది. ఒక నిద్ర తీయనీ, మళ్ల గుర్రమే. ఈ రోగం పేరేమో నాకు తెలీదప్పా."

హేమావతి తల వంచి తప్పిన పోగు సరిచేసుకుంది. ఈ వేళకు ఆమె మాట ముక్కులోంచి వస్తుంది. మాట్లాడితే గొంతు మార్చింది అంటారు.

అన్నానికి లేచారు. జొన్నరొట్టె, వంకాయ కూర. మొదటి రెండు ముక్కలు బాగానే నమిలింది. మూడో ముక్కకు దవడ బరువెక్కింది. ఎడమ చేత్తో గడ్డం కింద ఆనించి, పైకి నొక్కుతూ నమలసాగింది. ఆ చేయి కొంగు సర్దుకుంటున్నట్టు కనిపించాలని కాస్త పక్కకు తిరిగి కూర్చుంది.

"మా ఇంటి రొట్టె దానికి పనికిరాదు," అంది సరోజమ్మ కొడుకుతో. "దాని పుట్టినూరు అగళి రాగిముద్దయితే గుటుక్కున మింగుతాది. రొట్టె పెడితే మాత్రం మేక మాదిరి పొద్దుమునిగే దాకా నములుతాది."

"ఇంకో డాక్టరుకు చూపిస్తామామ్మా?" అన్నాడు గంగాధర.

"ఈడ చూపిస్తిమి, పెనుకొండలో చూపిస్తిమి. నేను తక్కువ చేసినానా? ముందు దినమంతా మగ్గం ఎక్కనీకుండా పండుకోబెడితిని. తలకు పోసి, మంచి చీర కట్టించి, పొద్దున్నే మొదటి టోకెన్‌కు పిల్చుకపోతిని. ఆ డాక్టరు చేతులు ఎత్తమంటే ఎత్తె, నడవమంటే నడిచె. రక్తం రవ్వంత తక్కువ అని చెప్పి పంపె. రోగముంటే డాక్టరు కంటికి కనపడదా?"

గంగాధర చెయ్యి కడుక్కున్నాడు.

"ఆదివారం శివకృష్ణను రమ్మని ఫోన్ చేసినా," అంది సరోజమ్మ. "చెల్లెల్ని తీసుకుపోయి ఎన్నాళ్లు పెట్టుకుంటాడో పెట్టుకోనీ. ఆ తావున మన వీధి యల్లక్క కూర్చుంటాది. చీర ఆగకూడదు."

హేమావతి చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. అన్న ఇంట్లో అన్నానికి లోటుండదు. కానీ మగ్గం పక్కన తావు ఒకసారి నిండితే మళ్లీ ఖాళీ కాదు. ఈ వీధిలో అలా పుట్టింటికి పోయి, చుట్టపుచూపుగా మాత్రమే తిరిగి వస్తున్నవాళ్లు ఆమెకు తెలుసు. చెప్పుకుందామంటే చెప్పడానికి నొప్పి లేదు, జ్వరం లేదు. సాయంత్రం ఎత్తలేని చేయి పొద్దున తనకే మామూలుగా లేస్తుంది. నిజంగానే నటిస్తున్నానేమో అని ఆమెకే అనుమానం వచ్చే పొద్దులున్నాయి.

మరునాడు హిందూపురం ప్రయాణం. అది సరోజమ్మ కాళ్ల కోసం. చాలా రోజులుగా ఆమె పాదాల్లో చీమలు పాకుతున్నట్టుంటోంది. చెప్పు జారిపోయినా తెలియడం లేదు. బెంగళూరు నుంచి వారానికోసారి హిందూపురం వచ్చే నరాల డాక్టరు సాయంత్రం పూట చూస్తుందని విని గంగాధర పేరు రాయించాడు.

"నువ్వు మగ్గం దిగొద్దు," అంది సరోజమ్మ కొడుకుతో. "ఇది వస్తాదిలే నా తోడు. మజ్జానం మీద ఈడున్నా ఆడున్నా దీనితో అయ్యేదేముంది."

అందుకని హేమావతి పొద్దున చీకటి విడవకముందే మగ్గం దగ్గర కూర్చుని, అన్నం వేళ దాకా అంచు వేసి, కట్టిన చీరతోనే సంచి పట్టుకుని బయల్దేరింది. తల కూడా పూర్తిగా దువ్వుకోలేదు. చేతులు తల దాకా లేచి సగం జడలోనే జారిపోతే, మిగిలింది ముడి వేసుకుంది.

ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. ఎండ కంట్లో పడుతుంటే హేమావతి రెప్పలు ఎత్తి ఉంచడానికి నుదురు పైకి ముడిచింది. పెనుకొండలో కొండ కనపడేసరికి నుదురు కూడా అలిసిపోయింది. అక్కడ ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ బట్టల్లో ఉన్న కుర్రాళ్లు కొందరు ఎక్కారు. వాళ్లలో ఒకడు ఎదురుగా కూర్చుని హేమావతి వైపు చూశాడు.

"అక్కకు రాత్రి నిద్ర లేదేమో అవ్వా. నైట్ షిఫ్ట్ చేసినోళ్ల మాదిరి తూగుతాండాది."

"నిద్ర లేకేమప్పా. కోళ్లతోపాటే పండుకుంటాది," అంది సరోజమ్మ.

హేమావతి అతన్ని చూసి నవ్వబోయింది. పై పెదవి లేచింది గాని మూతి చివరలు లేవలేదు. అతను చటుక్కున ముఖం తిప్పుకున్నాడు.

"చూస్తివా," అంది సరోజమ్మ చిన్నగా, కోడలికి మాత్రమే వినపడేలా. "ఎవరన్నా మంచిగా మాట్లాడితే వెక్కిరిస్తావు. మొన్న బిడ్డకు తొట్టెలు కట్టిన ఇంట్లోనూ ఇంతే. వచ్చినోళ్లంతా నన్నడిగిరి, నీ కోడలికి మేమేం చేస్తిమి అని."

హేమావతి కిటికీ వైపు తిరిగింది. నవ్వానని చెప్పడానికి కూడా అప్పటికి మాట బాగా రావడం లేదు.

హిందూపురంలో ఆసుపత్రి మిద్దె మీద. కింద చెరుకురసం అంగడి. మెట్ల మధ్యలో హేమావతి రెండుసార్లు ఆగింది. సరోజమ్మ పైమెట్టు మీద నిలబడి, "కాళ్లు మొద్దుబారింది నాకు, నీకు కాదు," అంది.

డాక్టరు పేరు నిషాత్. చామనఛాయ, తల చుట్టూ లేత నీలం గుడ్డ, మాట ఈ ప్రాంతం మాటే. ఆమె సరోజమ్మ కాలి వేళ్ల మీద ఒక ఇనుప కడ్డీని కొట్టి ఆనించి, గుయ్యిమనే అదురు తెలిస్తే చెప్పమంది. పక్కనే కూర్చున్న హేమావతికి వినిపించింది గాని సరోజమ్మకు చీలమండ దాకా వచ్చాకే తెలిసింది. చక్కెర పరీక్షకు రాసి, చెప్పులు లేకుండా నడవొద్దని చెప్పి, డాక్టరు కలం మూసింది.

"ఇంకేమన్నా బాధ ఉందా అవ్వా?"

సరోజమ్మ ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు కుర్చీలో ముందుకు జరిగింది.

"నాకేం బాధ తల్లీ. నా బాధ అదో, ఆడ కూర్చోనుండాది. నా కోడలు. నరాల డాక్టరమ్మవు కదా, సోమరితనానికి నరం ఏదన్నా ఉంటే చెప్పు, తెంపేస్తా."

డాక్టరు నవ్వింది. తర్వాత హేమావతి వైపు చూసి, నవ్వు ఆపి, చూస్తూనే ఉంది.

"ఏం చేస్తాది అవ్వా? చెప్పు."

"ఏమీ చెయ్యదు, అదే కదా. పొద్దున్నే లేస్తే ఇద్దరు మనుషుల పని చేస్తాది. పొద్దెక్కే కొద్దీ తగ్గిపోతాది. మజ్జానం దాటితే రెప్పలు వాలేస్తాది."

"రెండూ ఒకేలాగా?"

"లేదు, ఎడమది మొదలు. కుడిది తర్వాత. ఒక కన్ను మూసి చూస్తాది, ఏమంటే రెండుగా కనపడుతాదంట. మాట ముక్కులో మాట్లాడుతాది. అదీ మొదట్లో కాదు, మాట్లాడగా మాట్లాడగా. రొట్టె రెండు ముక్కలు తిని గడ్డం చేత్తో పట్టుకుంటాది. నాకు కనపడదనుకుంటాది. జడ సగం వేసి ఇడిచిపెడుతాది. నవ్వితే కోరలు చూపినట్టుంటాది. ఇన్నీ చేసి, రవ్వంత సేపు పండుకుంటే చాలు, ఏమీ జరగనట్టు లేచి వస్తాది. ఒక్క నొప్పి అని చెప్పదు. నొప్పి లేని రోగం యాడన్నా ఉండాదా?"

హేమావతి తల దించుకుని వింటోంది. కొత్త మనిషి ముందు తన సంగతులన్నీ ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటే, ఒక్కటి కూడా అబద్ధం కాకపోవడం ఆమెకు విచిత్రంగా అనిపించింది. కలం కదులుతున్న చప్పుడు విని తల ఎత్తింది. డాక్టరు రాసుకుంటోంది. అత్త ఒక్కో మాట అంటుంటే ఆమె వేగం పెరుగుతోంది.

"ఇంగా చెప్పు అవ్వా. ఎండలో?"

"ఎండలో ఇంగా ఎక్కువ నాటకం."

"మింగేటప్పుడు నీళ్లు ముక్కులోకి వస్తాయా?"

సరోజమ్మ ఆలోచించింది. "ఒకట్రెండుసార్లు వచ్చె. ఆత్రం అనుకుంటి."

డాక్టరు లేచి హేమావతి ఎదురుగా వచ్చి నిలబడింది. తన వేలు పైకి ఎత్తి, రెప్ప కొట్టకుండా దాన్నే చూడమంది. హేమావతి చూసింది. నుదురు ముడిచింది. వేలు మసకబారింది, రెండయింది, ఆ తర్వాత రెప్ప తెరలా దిగి దాన్ని మూసేసింది. చేతులు చాపి పట్టుకోమంది. మగ్గం మీద చాపినట్టే చాపింది. అవి కాసేపు నిలబడి, అడగకుండానే కిందికి దిగసాగాయి.

"చూసినారా," అంది సరోజమ్మ. కానీ ఆ మాటలో ఇందాకటి బిగువు లేదు.

డాక్టరు నర్సును కిందికి పంపింది. చెరుకురసం అంగడి నుంచి గ్లాసెడు మంచుగడ్డలు వచ్చాయి. వాటిని చేతి తొడుగులో పోసి ముడి వేసి, గుడ్డ చుట్టి, హేమావతి ఎడమ రెప్ప మీద పెట్టింది. "చల్లగుంటాది, ఓర్చుకోండమ్మా."

మొదట చల్లన, తర్వాత మంట, తర్వాత ఏమీ తెలియనితనం. నీళ్లు చెంప మీదుగా మెడలోకి కారాయి. కింద చెరుకు మిషన్ గంటలు వినిపిస్తున్నాయి.

డాక్టరు మంచు తీసేసి, "చూడండి," అంది.

హేమావతికి ముందు కనిపించింది అత్త ముఖం. ఒక్కటే ముఖం, అంచులు స్పష్టంగా. ఆ ముఖం తన కంటి వైపే చూస్తోంది. సరోజమ్మ నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"కన్ను తెరిచింది," అంది సరోజమ్మ, ఎవరితోనూ కాదన్నట్టు. "ఇంతసేపు వాలిన కన్ను... పొద్దుటి మాదిరి అయిపోయింది."

"ఆమె తెరవలేదు అవ్వా. చలికి అదే తెరుచుకుంది. నటించేవాళ్లకు మంచు పెడితే ఇట్లా తెరుచుకోదు."

సరోజమ్మ కొంగు చివర పట్టుకుని కోడలి చెంప మీది నీళ్లు తుడిచింది. తుడిచాక ఆ చేతిని ఏం చేయాలో తెలియనట్టు ఒళ్లో పెట్టుకుంది.

"నరం తెగిందా?" అని అడిగింది.

"తెగలేదు. నరం బాగుంది, కండ బాగుంది. రెంటి నడుమ కొంచెం సందు ఉంటాది. ఆ సందులో ఉండాది గొడవ."

"సందు యాల? అతికి ఉండాల కదా?" సరోజమ్మ గొంతులో మళ్లీ పట్టు వచ్చింది. వయసులో ఉన్నప్పుడు ఆమె వీధి అంతటికీ అచ్చులు అతికింది. పాత పడుగు చివర ఒక్కో పోగుకు కొత్త పడుగు పోగు జోడించి, వేళ్లకు బూడిద అద్దుకుని మెలివేసేది. ఒక్క పోగు అతక్కపోతే చీర నడవదు. "అతకనిది యట్ల పని చేస్తాది?"

"నేనూ చదువుకునేటప్పుడు ఇదే అడిగినా అవ్వా." డాక్టరు తన రెండు చూపుడు వేళ్లు ఎదురెదురుగా పెట్టి, తగలనివ్వకుండా ఆపింది. "ఇది నరం చివర. ఇది కండ. తగలవు. చెయ్యి ఎత్తు అని మెదడు చెప్పిన కబురు నరం చివరిదాకా వచ్చి ఆగిపోతాది. అప్పుడు నరం ఒక రసం చిమ్ముతాది, కంటికి కనపడనంత. అది సందు దాటి కండ మీదుండే గుంతల్లో పడితే కండ కదులుతాది. పని అయినాక ఆ రసాన్ని ఒళ్లే తుడిచేస్తాది, మళ్ల కబురుకు చోటు కావాల కదా. తలలో నరానికీ నరానికీ నడుమ కూడా దాదాపు ఇంతే. మనం మాట్లాడుకునేదీ, నీకు కోపం వచ్చేదీ అట్లే."

"మరి దీనికి?"

"జబ్బుల మీద కొట్లాడాల్సిన ఒంటి కాపలావాళ్లే పొరపాటుపడి ఆ గుంతల్ని పూడుస్తాండారు. పొద్దున నరం దండిగా చిమ్ముతాది, మిగిలిన గుంతలతోనే పని జరిగిపోతాది. ఎత్తిన చెయ్యే ఎత్తుతాంటే చిమ్మేది తగ్గుతాది. మనకైతే గుంతలు ఎక్కువ, తెలీదు. ఈమెకు తక్కువ, చెయ్యి నిలబడదు. కాసేపు పండుకుంటే నరం మళ్ల నిండుతాది. చలికి తుడిచే పని నిదానమయ్యింది, రసం రవ్వంత ఎక్కువసేపు ఉన్నింది, రెప్ప లేచింది. నేనిచ్చే మాత్ర కూడా ఆ తుడిచేదాన్నే నిదానం చేస్తాది."

హేమావతి తన చేతుల వైపు చూసుకుంది. ఇన్నాళ్లూ వాటిని లోపల్లోపల తిట్టుకుంది. అవి మాట వినకపోవడం కాదు, మాట వాటి దాకా చేరడం లేదు. వాటిని ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకుంది.

"పొద్దున్నే పోయినందుకేనా," అంది ముక్కు మాటతోనే, "వాళ్లకు తెలియంది?"

"అంతే అమ్మా. మీరు బాగున్నప్పుడు చూసి బాగున్నారని చెప్పినారు. ఈ రోజు మీరు అలిసిపోయి వచ్చినారు. అదీగాక," డాక్టరు తను రాసుకున్న కాగితం వైపు చూసింది, "నాకు ఇంత వివరంగా చెప్పేవాళ్లు ఎప్పుడూ దొరకరు."

సరోజమ్మ ఆ మాటకు తల ఎత్తలేదు.

రక్తం తీసి బెంగళూరుకు పంపుతామంది డాక్టరు. రొమ్ము ఎముక వెనక ఒక గ్రంథి ఉంటుంది, దాన్ని స్కాన్ తీయించాలంది. మందు ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు, ఇంకో మందు కూడా కలపాల్సి రావచ్చు. మింగలేకపోయినా, ఊపిరి చాలకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా పెద్దాసుపత్రికి పోవాలి. వేరే ఏ మందు వేసుకున్నా చీటీ మీద రాసిచ్చిన ఈ జబ్బు పేరు చెప్పి అడిగే వేసుకోవాలి. ప్రతిదానికీ సరోజమ్మ "ఊఁ" అంది, పోగులు లెక్కపెట్టుకునేటప్పుడు అన్నట్టు.

మందుల అంగడి ముందు బల్ల మీద కూర్చుని హేమావతి ఒక బిస్కెట్టు తిని మాత్ర వేసుకుంది. సరోజమ్మ ఎక్కడికో పోయి, కాగితం పొట్లంతో తిరిగి వచ్చింది. వేయించిన చెనిక్కాయలు. పక్కన కూర్చుని చాలాసేపు వాటిని విప్పలేదు. బస్సులు పోతున్నాయి, వస్తున్నాయి. ఆమె కోడలి రెప్పల వైపు చూడటం, మళ్లీ వీధి వైపు చూడటం.

వీధి దీపాలు వెలిగే వేళకు పొట్లం విప్పి, ఒక కాయ ఒలిచి, గింజలు కోడలి చేతిలో పెట్టింది.

"నములు."

హేమావతి నమిలింది. సరోజమ్మ ఇంకోటి ఒలిచింది. హేమావతి అదీ నమిలింది. ఎడమ చేయి ఒళ్లోనే ఉంది. అలా ఒలుస్తూ, ఇస్తూ, దవడ వైపు చూస్తూ సరోజమ్మ పొట్లం సగం ఖాళీ చేసింది.

"మీరూ తినండత్తా," అంది హేమావతి. మాట నోట్లోంచే వచ్చింది.

సరోజమ్మ చేతిలో ఉన్న కాయను ఒలవకుండా అలాగే పట్టుకుంది. "యల్లక్కకు మాట ఇచ్చేస్తినే," అంది చివరికి.

ఆదివారం శివకృష్ణ బండి మీద వచ్చాడు. అతను చెప్పులు విడుస్తుండగానే యల్లక్క కూడా వచ్చి గడప లోపల నిలబడింది. హేమావతి సంచి సర్దలేదు. సర్దమని ఎవరూ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. శనివారమంతా సరోజమ్మ ఆ సంగతే ఎత్తలేదు. హేమావతి పొద్దున్నే వచ్చి తన తావులో కూర్చుంది. లేవమంటే లేవాలి అనుకుంటూనే అంచు నాడె వేస్తోంది.

"ఏమత్తా, సిద్ధమేనా హేమ?" అన్నాడు శివకృష్ణ.

"యాడికి?" అంది సరోజమ్మ, రాట్నం ఆపకుండా.

"నువ్వే కదత్తా ఫోన్ చేసి తీసుకుపో అంటివి."

"అంటిని. అప్పుడు నాకు తెలిసింది అంతే. నీళ్లు తాగి కూర్చో, భోంచేసి పోదువు. దానికి వేళకు మాత్ర ఇయ్యాల. రెప్ప యాడ దాకా దిగిందో చూడాల. మీ ఇంట్లో అందరూ తోటకు పోతే ఎవరు చూస్తారు?"

"నేను చూడనా?"

"నువ్వు దానికి అన్నవు. చెల్లెలు బాగుండాదనే చూస్తావు. నా మాదిరి చూడలేవు."

గంగాధర మగ్గం మీద తల వంచుకున్నాడు. అతని భుజాలు కదలడం బట్టి నవ్వుతున్నాడని హేమావతికి తెలిసింది.

"మరి నేను?" అంది యల్లక్క గడప దగ్గర నుంచి. "నన్ను రమ్మని నేను వచ్చి నిలబడితే..."

"నీకిచ్చిన మాట ఉండాదిలే యల్లక్కా. పొద్దున పూట ఆ తావు దానిది. అన్నం తిన్నాక నువ్వు కూర్చో. నడుమ అది పండుకుంటాది. చీర ఆగకూడదు, అంతే నాకు."

"కోడలు పండుకుంటే నువ్వు ఊరుకుంటావా సరోజక్కా?" అంది యల్లక్క నవ్వుతూ.

"పండుకోకపోతే ఊరుకోను," అంది సరోజమ్మ.

హేమావతి చేయి నాడె మీద బిగిసింది. గంగాధర పలక లాగి కొట్టాడు. ఆమె అందుకుంది.

బుధవారం యల్లక్క రాలేదు. బిడ్డకు జ్వరమని కబురు పంపింది. చీర కొంగు దగ్గరికి వచ్చింది. మాత్ర వేసుకున్నాక చేతులు తేలికగా ఆడుతుంటే హేమావతి అన్నం తిన్నాక కూడా వచ్చి కూర్చుంది. ఇన్ని నెలల తర్వాత మధ్యాహ్నం ఎండలో మెరూన్ అంచు తన చేతుల్లో పెరగడం చూస్తుంటే లేవబుద్ధి కాలేదు. సరోజమ్మ చెప్పులు వేసుకుని అంగడికి పోయింది.

చాలాసేపటికి నాడె అంచులు మసకబారాయి. ఇంకొక వేలెడు, అనుకుంది. నుదురు పైకి ముడిచి రెప్పలు ఎత్తి పట్టుకుంది. ఆలస్యమవుతున్న చేతిని గంగాధర పట్టించుకోకుండా ఉండాలని భుజంతో సహా ముందుకు వంగి వేసింది. గంగాధర పట్టించుకోలేదు. పోగు తప్పలేదు.

గడపలో నీడ పడింది.

"లేయ్," అంది సరోజమ్మ.

"బాగానే ఉండాను అత్తా. మాత్ర..."

"నుదుట గీతలు ఎన్ని పడినాయో నాకు ఈడికి కనపడుతాండాయి. ఓపిక లేకపోయినా ఉన్నట్టు నాటకాలు ఆడుతాండావు. నా దగ్గరా?"

ఆమె సంచి గోడకు ఆనించి, చెప్పులు విడిచి, వచ్చి బల్ల పక్కన నిలబడి చేయి చాపింది. హేమావతి కదలకపోతే, తనే వంగి అంచు నాడె ఆమె చేతిలోంచి తీసుకుంది.

"మొద్దుబారింది నా కాళ్లు. చేతులు కాదు. జరుగు."

హేమావతి జరిగింది. సరోజమ్మ ఆ తావులో కూర్చుని, అంచు పోగుల మీద ఒకసారి అరచేత్తో నిమిరి, కొడుకు వైపు తల ఊపింది. గంగాధర నాడె వేశాడు. సరోజమ్మ వేసింది. పలక పడింది.

లోపలి గదిలోకి పోతూ హేమావతి గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. అత్త చూస్తోందని తెలిసి నవ్వింది. పై పెదవి లేచింది, చివరలు లేవలేదు; పళ్లు మాత్రం కనిపించి ఉంటాయి. చేత్తో మూతి కప్పుకోబోయింది.

సరోజమ్మ నాడె ఆపలేదు.

"నవ్వినావులే, కనపడింది. పోయి పండుకో."